పేరు చెప్పని నీళ్ళు

"గొళ్ళెం తియ్యి బాపూ."

కాటమయ్య తీయలేదు. దర్వాజకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుని, గీతకత్తికి పదును పెడుతున్నాడు. ఆ కత్తికి పదును అక్కరలేదు. పెళ్ళాం బిక్షమ్మ పోయిన తరువాత అతను తాటి చెట్టెక్కిన పొద్దులు తక్కువ, కత్తి నూరిన పొద్దులు ఎక్కువ.

"ఆయన వచ్చి కల్లు కాంపౌండుల నిలబడ్డడట. కనీసం మొఖం చూడనియ్యవా?"

"పంచాదిల చూడు. ఊరంత చూస్తది. నువ్వు గూడ చూడు. అదే ఆఖరు చూపు."

మంజులత బట్టల మూటను ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుంది. పెళ్ళయి ఏడాది తిరగకుండానే తండ్రి ఇంట్లో బందీ అయింది. మిరుగు కార్తెలో, ఊళ్ళో నూరుద్దీన్ బిడ్డ పెళ్ళి విందుకని వచ్చింది. ఇప్పుడు పత్తి ఏరుతున్నారు. ఇవాళ ఆ కాపురం తెంపడానికే కుల పంచాయితీ.

"తెంపెటందుకు తాడు నీ మెడల ఉన్నదా, నా మెడల ఉన్నదా?"

పొయ్యి కాడి నుంచి సైదమ్మ అందుకుంది. ఆమె కాటమయ్య అక్క. మరదలు చచ్చిన తెల్లారి వచ్చింది, మళ్ళీ పోలేదు.

"ఓ పిల్లా, నీ తల్లిని మింగినోని తాడు అది. మంగళసూత్రం కాదు, ఉరితాడు. జర సిగ్గుండాలె."

"ఆయన కావాలని తెచ్చిండా అత్తమ్మా? ఆయన సావలేదనే గద మీ కోపమంత?"

కాటమయ్య కత్తి ఆగింది.

పిల్ల చెప్పింది నిజమే. చావాల్సినవాడు బతికాడు. బతకాల్సింది చచ్చింది. కాటమయ్య కోపంలో ఇంతకుమించి ఏమీ లేదు. భీమయ్య లారీ మీద మద్రాసు పోయి, వాంతులతో బేదులతో తూలుకుంటూ వచ్చి ఈ ఇంట్లోనే పడ్డాడు. అల్లుడు కదా అని బిక్షమ్మ వాడి బట్టలు పిండింది. నూరుద్దీన్ ఇంటి పెళ్ళి పందిరి విప్పకముందే ఊళ్ళో గత్తర లేచింది, కలరా. బిక్షమ్మ పోయింది. నూరుద్దీన్ తల్లి ఖాదర్‌బీ పోయింది. ఇంకా ఎవరెవరో పోయారు. నల్లగొండ దవాఖానలో సెలైను ఎక్కించుకుని భీమయ్య మాత్రం లేచి కూర్చున్నాడు.

పాడె లేవకముందే కాటమయ్య ఒట్టు పెట్టుకున్నాడు. వాని మొఖం చూడ. నా బిడ్డను వాని ఇంటికి పంప.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

"కాటమయ్యగారూ. నేను నిర్మలను. హైదరాబాదు నుంచి."

అతను గొళ్ళెం తీశాడు. బిడ్డకు తీయనిది, పరాయి మనిషికి తీశాడు. మంజులత ఆ సంగతి చూసింది.

డాక్టర్ నిర్మల గత్తర రోజుల్లో వచ్చిన మనిషే. పట్నంలో ఏదో ప్రయోగశాల ఆమెది. దవాఖానలో పడి ఉన్నవాళ్ళ నుంచి దూది చుట్టిన పుల్లలతో నమూనాలు తీసుకుని, ఏమి తేలుతుందో తనే వచ్చి చెబుతానని మాట ఇచ్చి పోయింది. అట్లా మాట ఇచ్చినవాళ్ళెవరూ ఈ ఊరికి తిరిగి వచ్చింది లేదు.

"మళ్ళ ఎందుకొచ్చినవ్ డాక్టరమ్మా? సచ్చినోళ్ళ దగ్గర ఇంక తీసుకునేది ఏం మిగిలింది?"

"తీసుకోవడానికి రాలేదండి. చెప్పిపోదామని వచ్చాను."

ఆమె చాప మీద కూర్చుంది. సంచిలోంచి నల్లటి ఫిల్ము తీసి వెలుతురుకు పట్టింది. ఎక్సురే లాగ ఉంది. ఎముకలు లేవు. పక్కపక్కన నిలువు వరుసలు, ఒక్కో వరుసలో అడ్డగీతలు. తాటి మాను మీద కాలు ఆనడానికి కొట్టిన గాట్ల లాగ ఉన్నాయని కాటమయ్యకు అనిపించింది. అనిపించినందుకు విసుగు పుట్టింది.

"ఏందివి?"

"క్రిమి వేలిముద్రలు అనుకోండి. దాని లోపల దారం లాంటి పోగు ఉంటుంది. ఆ పోగును ముక్కలు చేసి, మెత్తటి గంజి లాంటి దాంట్లో పెట్టి కరెంటు ఇస్తాం. చిన్న ముక్కలు ముందుకు ఉరుకుతాయి, పెద్దవి వెనకబడతాయి. ఎక్కడి ముక్క అక్కడ గీతగా పడుతుంది. ఒక తల్లి పిల్లలైతే గీతలు ఒక్క తీరుగా పడతాయి."

మంజులత ముందుకు జరిగింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది.

"ఇది మీ అమ్మది. దీని పక్కది ఖాదర్‌బీగారిది."

"రెండు ఒక్కటే ఉన్నయి."

"ఒక్కటే. ఇప్పుడు ఇది చూడు. మీ ఆయనది."

చదువు లేని కంటికి కూడా అర్థమవుతుంది. ఆ వరుసలో గీతలు వేరే చోట ఉన్నాయి.

మంజులత ఆ గీతల మీద తన వేలు ఆనించింది. "అంటే ఏందమ్మా?"

"అంటే మీ అమ్మకు మీ ఆయన నుంచి రాలేదు. ఆయనకు వచ్చింది కొత్త గత్తర. నిరుడే మద్రాసు వైపు మొదటిసారి కనబడింది. మీ అమ్మకు వచ్చింది పాతది."

"ఆగు," అన్నాడు కాటమయ్య. "ఒక్క ఇంట్ల, ఒక్క వారంల, రెండు గత్తరలా? మేం బడి సక్కగ చదువుకోలేదని గీతలు చూపెట్టి పిచ్చోళ్ళను జేస్తున్నవా?"

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. కలకత్తాకు పంపిస్తే వాళ్ళూ అదే చెప్పారు." ఆమె ఇంకో వరుస మీద వేలు పెట్టింది. "ఇది ఎక్కడిదో తెలుసా? పెరూ అని ఒక దేశం. సముద్రాల అవతల. రెండేళ్ళ కింద అక్కడ వేలమందిని తీసుకుపోయింది."

"దానికీ నా పెండ్లానికీ ఏం సంబంధం?"

"పాలోళ్ళు, ఒక్క వంశం. ఈ పాతది ఎప్పుడో తూర్పు దీవుల్లో లేచింది. మన దేశం మీదుగా అరబ్బు దేశాలకు పోయింది, అక్కడి నుంచి ఆఫ్రికాకు దిగింది. చివరికి పెరూలో తేలింది. సముద్రం ఎట్లా దాటిందో మావాళ్ళు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఎక్కడికి పోయినా ఇంటి గీతలు మాత్రం ఉంచుకుంటుంది. అందుకే పట్టుకోగలుగుతున్నాం. భీమయ్యకు వచ్చింది దీంట్లోంచే వేరుపడి ఇంటిపేరు మార్చుకుంది అంటున్నారు. ఏమైనా, రెంటికీ తేడా ఇక్కడ కనబడుతూనే ఉంది కదా."

"పురుగు దేశాలు తిరిగింది. సరే, తిరగనియ్యి. నా కడప లోపలికి ఎవడు తెచ్చిండో అది చెప్పు."

"మనిషి పేరు నాకు దొరకదండి. జాగా దొరికింది." ఆమె చివరి వరుస చూపించింది. "భువనగిరి కిందుగా, మూసీ ఒడ్డున ఒక బావి. పట్నం మురికంతా ఆ ఏటిలోనే కదా వచ్చేది. ఆ బావి నీళ్ళలోనూ, అవి తాగిన ఆ ఊరివాళ్ళలోనూ ఇదే దొరికింది. మీ భార్య గీతలు, ఆ బావి గీతలు పూర్తిగా కలిసిపోయాయి. అదే నాకు అర్థం కాలేదు. మీ ఊళ్ళో అంతా బోరింగు నీళ్ళే కదా. మూసీ నీళ్ళు ఇంత దూరం ఎట్లా వచ్చాయి?"

కాటమయ్య కత్తి మళ్ళీ అందుకున్నాడు.

జవాబు సైదమ్మ చెప్పింది. చేతిలో గరిటెతోనే వంటింటి దర్వాజలోకి వచ్చి నిలబడింది.

"ఎట్ల వస్తయేంది? పెండ్లికి తీపినీళ్ళు పోసుకున్నరు గద నూరుద్దీనోళ్ళు. గవ్వే. మా బిక్షమ్మ గా పందిట్ల తిని తాగి వచ్చినంకనే పడ్డది."

"తీపినీళ్ళా?" అంది డాక్టరమ్మ.

చెప్పాల్సింది చాలా ఉంది. ఈ ఊరి బోరింగు నీళ్ళు చేదు కావు, ఉప్పు కావు. తాగితే బాగానే ఉంటాయి. తాగుతూ పోతే పళ్ళు పసుపుబారతాయి, మోకాళ్ళు దూరమవుతాయి, వెన్ను కట్టెబారుతుంది. నలభై దాటినవాడు మెడ తిప్పి పక్కవాణ్ణి చూడలేడు. ఫ్లోరిన్ అని సర్కారు దానికి పేరు పెట్టింది. పేరు పెట్టి ఊరుకుంది.

అందుకని ఆడపిల్ల పెళ్ళికి వచ్చిన చుట్టాలకు ఆ నీళ్ళు పోయరు. ఊళ్ళో ఎవరో ఒకరు బండి కట్టుకుపోయి, ఎక్కడో మంచి బావి నుంచి తీపినీళ్ళు తెచ్చి, కోడి కూయకముందే పెళ్ళివారి పెరట్లో దించి పోతారు. ఎవరు దించారో పెళ్ళివారు అడగరాదు. దించినవాళ్ళు చెప్పరాదు. పేరు చెబితే ఆ నీళ్ళు పిల్ల కాపురంలో చేదవుతాయని పెద్దల మాట. హిందువులైనా ముసల్మానులైనా అందరికీ అదే పద్ధతి.

గత్తర నీళ్ళ వల్లనంటే బోరింగును అనుమానించారు. వాడకం లేని చేదబావిలో కూడా మందు పోశారు. తీపినీళ్ళను మాత్రం ఎవరూ అనుమానించలేదు. తీపినీళ్ళు మంచివి. మంచివాటి మీద అనుమానమెందుకు?

బిక్షమ్మ మాట కాటమయ్య చెవిలో పడింది. ఖాదర్‌బీ మనుమరాలి పెండ్లయ్యా. మన మంజుల కడుపుల అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి బతికించింది ఆ ముసల్ది. నీళ్ళు మన ఇంటి నుంచి పోవాలె.

అతను బండి తోలాడు. మూసీ ఒడ్డున ఎడ్లను విప్పి పడుకున్నాడు. ఆమె ఒక్కతే తోడింది. డ్రమ్ములు నింపి, చివరి చేద ఎత్తి పట్టుకుని తాగి, ఎంత తీపున్నయో చూడు అంది. అతను చూడలేదు. అతనికి లొట్టిలో కల్లుంది.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మట్టిలో ఉన్నారు.

"నేను పోయి పంచాదిల ముందుగాల్నే చెప్త," అంది సైదమ్మ. గరిటె కింద పెట్టింది. "తురకోళ్ళ పెండ్లి నీళ్ళే నా మరదలిని మింగినయని చెప్త."

"అక్కా, ఆగు."

"ఎందుకాగాలె? అల్లుడు కాదని తేలినంక ఇంకెవడో ఉండాలె గద."

ఆమె వెళ్ళిపోయింది. కాటమయ్య లేవలేదు. ఆగు అన్న మాట తరువాత ఇంకో మాట ఉంది.

డాక్టరమ్మ ఫిల్ము దింపింది. "నేను చెప్పకూడనిది ఏమైనా చెప్పానా?"

"సగం చెప్పినవ్. మా ఊరికి సగం సాలు."

నిరుడు డిసెంబరులో అయోధ్యలో మసీదు కూలినప్పటి నుంచి గాలి బాగాలేదు. చౌటుప్పల్ బస్టాండులో కూడా టోపీ పెట్టుకున్నవాణ్ణి చూసే చూపు మారింది. ఈ ఊరికి ఇంకా ఆ గాలి తగలలేదని కాటమయ్య అనుకుంటూ ఉన్నాడు. తగలడానికి ఒక సందు చాలు. ఆ సందు సైదమ్మ చేతిలో ఉంది.

"బాపూ, తీపినీళ్ళు ఎవరు పోసిండ్రో నీకెర్కేనా?"

బిడ్డ సూటిగా చూస్తోంది.

"నాకెట్ల ఎర్కైతది. నడువు, పంచాదికి యాళ్ళయింది."

*

కల్లు కాంపౌండు నిండిపోయింది. ముందు బెంచీ మీద కులపెద్ద కిష్టయ్య కూర్చున్నాడు. అతని మెడ తిరగదు. ఎవరు మాట్లాడితే వారి వైపు నడుము దాకా మొత్తం తిరుగుతాడు. అట్లా తిరగడంలో న్యాయం ఉన్నట్లు కనిపిస్తుంది.

భీమయ్య ఒక పక్క నిలబడ్డాడు. ఖాకీ అంగీ వదులైంది. మంజులతను చూశాడు. మామను చూడలేదు.

అసలు ఇవాళ భీమయ్య మీద సాక్ష్యం చెప్పాల్సింది నూరుద్దీన్. గిన్నెలకు కళాయి వేసేవాడు. తల్లి చచ్చిన దుఃఖంలో అతనూ కాటమయ్యా ఒక్కటయ్యారు. ఇన్ని నెలలూ ఇద్దరూ కలిసి ఒకే మనిషిని తిట్టారు. అంత దగ్గరగా వాళ్ళు అంతకుముందు ఎన్నడూ లేరు.

ఇప్పుడు నూరుద్దీన్ చుట్టూ జాగా ఖాళీగా ఉంది. పక్కన కూర్చోవలసినవాళ్ళు ఎడంగా జరిగారు. సైదమ్మ పని పూర్తి చేసింది.

"నూరుద్దీనూ, నీ బిడ్డ పెండ్లిల పోసిన నీళ్ళు మూసీయేనా?" అన్నాడు కిష్టయ్య.

"నాకు తెల్వదు పెద్దయ్యా."

"నీ పెరట్ల దిగిన నీళ్ళు నీకు తెల్వదా?" వెనక నుంచి ఎవడో అన్నాడు.

"అడగరాదని మీరే గద నేర్పిండ్రు. మా తాత కాలం నుంచి అడగలే. నేనెట్ల అడుగుత?"

"అడగలేదో, నువ్వే తెచ్చినవో. తెచ్చి అండ్ల ఏం కలిపినవో."

నూరుద్దీన్ ఆ గొంతు వైపు తిరిగాడు. "నా తల్లి తాగింది గా నీళ్ళు. నా తల్లికి నేను ఇషం కలుపుకున్ననా?"

"మీ ఇంట్ల ఒక్క ముసల్ది పోయింది. మా ఇండ్లల్ల ఎంతమంది పోయిండ్రు?"

ఒకడు అతని పక్కనున్న కొలిమితిత్తిని కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. నూరుద్దీన్ లేచి తెచ్చుకోలేదు. లేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

భీమయ్య నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"నిన్నటిదాంక నేను. ఇయ్యాల ఈయన. రేపటికి ఎవర్ని చూసిపెట్టుకున్నరు పెద్దయ్యా?"

కిష్టయ్య అతని వైపు మొత్తంగా తిరిగాడు. "నీ పంచాది అయిపోయింది భీమయ్యా. నువ్వు కాదని డాక్టరమ్మ చెప్పిందట. నీ పెండ్లాన్ని తీసుకొని పో. ఇది వేరే ముచ్చట."

అంత సులువుగా అయిపోయింది. ఇన్ని నెలల ఒట్టు ఒక్క మాటలో ఊడిపోయింది. కాటమయ్య ఊరుకుంటే బిడ్డ కాపురం నిలుస్తుంది. బిక్షమ్మ పేరు నిలుస్తుంది. ఊళ్ళో ఆమెను తలుచుకున్నప్పుడు ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అద్దుకుంటారు, అదీ నిలుస్తుంది. పోయేది ఒక్క నూరుద్దీన్.

డాక్టరమ్మ జనం మధ్యలోకి వచ్చింది. "ఆ నీళ్ళు తెచ్చినవాళ్ళ తప్పేమీ లేదండి. అవి చూస్తే తెలిసేవి కావు. ఎవరు తెచ్చినా మంచికే తెచ్చారు."

"మంచికే తెస్తే బయటికొచ్చి చెప్పమను," అంది హనుమమ్మ. గత్తరలో పెద్దకొడుకును పోగొట్టుకున్న మనిషి. "ఈ గుంపుల ఉంటే చెప్పమను. లేకపోతే ఈయన ఇల్లే అడుగుత."

కొందరు అప్పటికే లేచారు. నూరుద్దీన్ ఇల్లు ఆ సందు చివరే. ఇంట్లో అతని భార్య అమీనా ఒక్కతే ఉంటుంది.

నూరుద్దీన్ ఎవరినీ బతిమాలలేదు. కాటమయ్య వైపు చూశాడు, అంతే. అతనికి ఏమీ తెలియదు. కలిసి ఏడ్చినవాడు ఒక్క మాటన్నా అంటాడేమోనని చూశాడు.

ఆ చూపును కాటమయ్య భరించలేకపోయాడు. దయ వల్ల కాదు. ఎవరికీ బాకీ ఉండడం అతనికి ఇష్టం లేదు.

"కూసోండ్రి," అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు.

"ఆ నీళ్ళు నా ఇంటి నుంచి పోయినయి. బండి నేను తోలిన. తోడింది బిక్షమ్మ."

సైదమ్మ చేయి నోటి మీదికి పోయింది. కిష్టయ్య తిరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు.

"తమ్మీ, నీకు మతి పోయింది. సచ్చినదాని మీద చెప్తున్నవు," అంది సైదమ్మ.

"సచ్చింది గనుకనే నేను చెప్తున్న. ఉంటే అదే చెప్పేది."

హనుమమ్మ మెల్లగా అతని ముందుకు వచ్చింది. తిట్టలేదు. కొట్టలేదు.

"నీ పెండ్లాం పాడె వెనుక నేను ఏడ్చుకుంట నడిచిన. నా కొడుకు సచ్చిన దుఃఖంల గూడ దాని కోసం ఏడ్చిన. నా ఏడుపు నాకు వాపస్ ఇయ్యి కాటమయ్యా."

అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఆమె అతని కాళ్ళ ముందు ఉమ్మి, పక్కకు తప్పుకుని పోయింది. ఆమె వెనుక ఇంకొకరు. తరువాత ఇంకొకరు. అందరూ అతని పక్క నుంచే పోయారు.

మంజులత వచ్చి నిలబడింది.

"పొద్దున అడిగిన. నాకెట్ల ఎర్కైతదన్నవ్."

కాటమయ్య నేల చూశాడు.

"అత్తమ్మ పోతుంటే కూసున్న జాగల కూసున్నవ్. ఆయన తప్పు లేదని తెలిసినంక గూడ నన్ను ఒక్కమాట పొమ్మనలే. అమ్మ పేరే పెద్దగైంది నీకు. నేను గూడ ఆమె బిడ్డనే గద."

"పో," అన్నాడు. "ఇప్పుడంటున్న. పో."

"నువ్వనకున్నా పోతున్న."

భీమయ్య కొంచెం దూరంలో ఆగాడు. "మామా, నన్ను ఇంటికి పిలువకు. నేను రాను. ఈమెకు రావాలనిపిస్తే వస్తది, నేను ఆప." అని తిరిగి నడిచాడు. మంజులత అతని వెంట పోయింది. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నడవలేదు. ఒకరి వెనుక ఒకరు నడిచారు.

కాంపౌండులో మిగిలింది కిష్టయ్య, డాక్టరమ్మ, నూరుద్దీన్.

నూరుద్దీన్ లేచాడు. కాటమయ్య ఎదుటికి వచ్చాడు. కొడతాడని కాటమయ్య అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అన్నా, ఆ నీళ్ళు మా పెరట్లనే అయిపోలే."

"మరెటు పోయినయి?"

"అత్తగారింటికి పోంగ హసీనా తోటి ఒక బిందె పంపినం. తీపినీళ్ళు గద, బరకత్, మంచి జరుగుతదని. మా అమ్మే మూతి గట్టి ఇచ్చింది."

డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. "పెళ్ళికూతురు అత్తగారి ఊరు ఏది?"

"పాలమూరు దిక్కు. జడ్చర్ల దాటినంక." అతను ఊరి పేరు చెప్పాడు.

ఆమె గబగబా సంచి విప్పింది. ఇంకో ఫిల్ము తీసి వెలుతురుకు పట్టింది, దింపింది, మళ్ళీ పట్టింది. "ఆ ఊరి నమూనాలు మా దగ్గర ఉన్నాయి. ఇవే గీతలు. అక్కడ ఈ బావి లేదు, ఈ ఏరు లేదు, ఎట్లా వచ్చిందో మాకు అంతుపట్టలేదు."

"హసీనా మామ పోయిండు," అన్నాడు నూరుద్దీన్. ఆమెతో కాదు, కాటమయ్యతో. "ఆడిబిడ్డ కొడుకు పోయిండు. కోడలు కాలు పెట్టిన యాళ మంచిది కాదన్నరు. నా బిడ్డను వెనుక అర్రల పండబెడుతున్నరు. పళ్ళెం దూరంకెళ్ళి జరుపుతున్నరు. రేపు శుక్రవారం జమాతు కూసుంటదట, పిల్లను తోలియ్యాల్నా వద్దా అని. ఈ ముచ్చట నేను ఎవ్వరికి చెప్పలే. నీకు గూడ చెప్పలే."

నూరుద్దీన్ ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"నాతోటి రా. ఇక్కడ చెప్పిన మాట అక్కడ చెప్పు. పిల్ల కాలు కాదు, నీళ్ళు అని చెప్పు. ఎవరు తోడిండ్రో పేరు పెట్టి చెప్పు."

"చెప్తే పిల్లను ఉంచుకుంటరా?"

నూరుద్దీన్ ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు.

"తెల్వదు. ఇన్నొద్దులు కాలు అంటున్నరు. బిందె అని తెలిస్తే, సావును సంకన బెట్టుకొని వచ్చిందంటరేమో. పిల్ల బతుకు బాగైతదో, ఉన్నది గూడ పోతదో."

"మరి ఎందుకు రమ్మంటున్నవ్?"

"పిల్ల తనదే తప్పు అనుకుంటున్నది. తన కాలే అనుకుంటున్నది. ఆమెకన్నా తెల్వాలె గద."

కిష్టయ్య బెంచీ మీద నుంచి మెడ తిప్పలేక, వాళ్ళకు వీపు పెట్టే కూర్చున్నాడు.

"నిన్ను మాఫ్ జేసిన అనుకోకు," అన్నాడు నూరుద్దీన్. "నా తల్లిని నేను మర్వ. నల్లగొండ బస్సు వచ్చే యాళ్ళయింది. వస్తే రా."

అతను గోడ దగ్గరికి పోయి కొలిమితిత్తి ఎత్తుకుని, దుమ్ము దులిపి, రోడ్డు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

కాటమయ్య గేటు దగ్గరికి వచ్చాడు. అక్కడ విడిచిన చెప్పులు లేవు. ఎవరో వాటిని తీసి పగిలిన కల్లు సీసాల గుంతలోకి విసిరేశారు. ఒకటి పైకి కనబడుతోంది. రెండోది గాజు పెంకుల కింద ఎక్కడో ఉంది.

అవతలి సందులో ఎవరో అప్పుడే బిక్షమ్మ పేరు ఎత్తారు. ఆ పేరు వెంట వచ్చిన మాట అతనికి వినబడింది. రేపు జడ్చర్ల అవతల, ఎన్నడూ చూడని మనుషుల ముందు, ఆ పేరు తన నోటితోనే చెప్పాలి. ఆ తరువాత ఆ పిల్లను ఏమి చేస్తారో తెలియదు.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నూరుద్దీన్ చేయెత్తి ఆపుతున్నాడు. కండక్టరు తల బయటికి పెట్టి అడిగిన మాట ఇక్కడిదాకా వినబడింది.

"ఒక్కరా, ఇద్దరా?"

నూరుద్దీన్ ఇంకా జవాబు చెప్పలేదు. కాటమయ్య ఒట్టి కాళ్ళతో గేటు పట్టుకుని నిలబడ్డాడు.